బషీరాబాద్ కాయ

ఆ ఒక్క కాయను వెనక్కి తిప్పి గుచ్చి ఉంటే దాని రంధ్రం కనిపించేది కాదు, కానీ వెనక్కి తిప్పితే కాయ వంపు గొలుసుకు ఎదురు పోతుంది, ఆ వంపు కోసమే కదా దాన్ని తీసుకుంది, ఇప్పుడు అనుకుని ఏం లాభం, తాండూరులో అమర్‌నాథ్ సేటు నగల దుకాణంలో తహసీన్ స్టూలు అంచున కూర్చుని ఉంది, ఎదురుగా గౌరమ్మ, కూతురు సంజన పెండ్లికి చేయించిన హారం ఒళ్లో పెట్టుకుని ఒక్కో బంగారు కందికాయ మీద బొటనవేలి గోరు ఆనించి జరుపుతోంది, మార్కెట్లో కందులు చూసే చేయి అది, నగ చూసే చేయి కాదు, సేటు మాత్రం మాట ఆపడు, చూడు గౌరమ్మా, అన్నీ మీ యాలాల్ శేను కాయలే, లేతకాయను అచ్చుల పెట్టి కాలిస్తే కాయ బూడిదైతది, ఆ ఖాళీల బంగారం పోసింది గీ పిల్ల, గౌరమ్మ తల ఎత్తలేదు, నా శేను సంగతి నాకే జెప్తవా సేటూ, నేనే గద తెంపి ఇచ్చిన, అని నవ్వింది, గోరు ఇంకో కాయ మీదికి పోయింది.

తెంపి ఇచ్చిన మాట నిజమే, తహసీనే అడిగింది, మీ బిడ్డ అత్తగారింటికి పోయేటప్పుడు మీ చేను మెడలో ఉండాలమ్మా అని, ఆ మాటకే గౌరమ్మ ఒప్పుకుంది, ఇది గౌరమ్మకు నచ్చితే నీ డిజైన్లు దుకాణంల పెడత, నచ్చకుంటే కరిగిస్త, మళ్ల నా గడప ఎక్కకు అన్నాడు సేటు, అన్నేళ్లు కేటలాగుల్లో నెమళ్లు, మామిడిపిందెలు దింపి దింపి విసిగిన తర్వాత దొరికిన మాట అది, తర్వాత వికారాబాద్‌లో తన అద్దెగదిలో ఒక అచ్చు కొలిమిలో పగిలింది, గౌరమ్మ కాయ ఒకటి పోయింది, యాలాల్ వెళ్లి ఇంకోటి అడిగితే సంగతి సేటు చెవిన పడుతుంది, డబ్బాలో నిరుడు బషీరాబాద్ నుంచి తెచ్చుకున్న కాయ ఉంది, నాని, అమ్మకు అమ్మ, అమీనాబీ చేనిది, నిరుడు పురుగు పడి చేనంతా పోయింది, నాని గట్టు మీద కూర్చుని కాయలు చిదిమి చూస్తూ పూరా ఖాలీచ్ హై, పూరా ఖాలీచ్ హై, అంతా ఖాళీయే అంటోంటే తహసీన్ ఒక కాయను ఎండకు ఎత్తి పట్టుకుంది, పురుగు తొలిచిన రంధ్రంలోంచి వెలుతురు వచ్చింది, ఫొటో తీసింది, కాయ సంచిలో వేసుకుంది, ఇప్పుడు వంపు కుదిరిందని ఆ కాయనే అచ్చులో పెట్టి బంగారం పోసి గుచ్చింది, ఇవాళ పొద్దున రైల్లో ధారూరు దగ్గర హారం పెట్టె తెరిచి చూసింది, సూదిమొనంత రంధ్రం, ఎవరు చూస్తారు అనుకుంది, రుక్మాపూర్ దగ్గర మళ్లీ తెరిచింది.

ఇప్పుడు గౌరమ్మ గోటికి ఇంకొక్క కాయ, తర్వాత అదే, గోరు జరిగింది, అమ్మా ఆగండి, ఆ కాయ మీది కాదు, అన్నది తహసీనే, సేటు చేతిలోని ఫోను బల్ల మీద పెట్టేశాడు, గౌరమ్మ కాయను కంటి దగ్గరికి తెచ్చుకుంది, పురుగు కాయ, పురుగు తిన్నదాన్ని పెండ్లిపిల్ల మెడల ఏస్తవా, తెల్వక జేసినవా, తెలిసి జేసినవా అని అడిగింది, తెలిసే అమ్మా అంది తహసీన్, మీదొకటి పగిలింది, చెప్పనీకి భయమైంది, మరి గిది ఎవరిది, మా నానిది, బషీరాబాద్‌ల, అరె గింతదానికి ఫికర్ ఎందుకు, ఒక్క చుక్క బంగారం పెడితే మూసుకపోతది అన్నాడు సేటు, మూస్తే మాదైతదా, కందులల్ల మట్టిపెడ్డలు కలిపెటోని లెక్క మాట్లాడకు, అని అతని మీద లేచింది గౌరమ్మ, తీసెయ్ బిడ్డా, శేన్ల ఇంక లేతకాయ ఉన్నది, వంకరదైనా మాదే పెట్టు, లేకుంటే ఆ జాగ ఖాళీ ఉండనీ, కరిగిచ్చుడు గిరిగిచ్చుడు ఏం లేదు సేటూ, అంది, హారం తహసీన్ చేతికిస్తూ, మీ నానికి ఎరుకేనా, ఆమె కాయను నగల ఏసినవని, అంది.

తహసీన్ పట్టుకారుతో కొక్కెం విప్పింది, కాయ అరచేతిలో పడింది, సేటు ఇంకా ఏదో అంటున్నాడు, హారం నిలిచింది, తను నిలిచింది, అయినా ఆ కాయనే తిప్పి తిప్పి చూస్తోంది, ఎక్కడికి పోయినా నా నగల్లో మా నేల ఉంటుంది, మా పంట ఉంటుంది అని చెప్పుకుంటుంది, గౌరమ్మ చేని కాయ కావాలంటే ఆమె ఇంటికి వెళ్లింది, నీళ్లు తాగింది, ఒప్పించుకుంది, నాని దగ్గరికి వచ్చేసరికి అది నాని చేను కాదు, మా నేల అయింది, ఆ రోజు నాని ఏడాది పంటంతా పోగొట్టుకుని పక్కనే కూర్చుని ఉంది, చేయి చాపితే అందేంత దగ్గర, తను ఆమెను అడగలేదు.