నవ్వుల డ్యూటీ

ఆ పెద్దాసుపత్రి లాండ్రీలో పని మొదలయ్యే ముందు అందరూ వరుసగా నిలబడి నవ్వాలి. అది పై ఆఫీసు ఆర్డరు. సిబ్బంది తరచూ సెలవులు పెడుతున్నారనీ, నవ్వితే రక్తపోటు తగ్గి ఒళ్ళు తేలికపడుతుందనీ ఎవరో సలహా చెబితే, అందుకోసం ఒక శిక్షకుణ్ణి కుదిర్చారు. ఆయన చేతులు పైకెత్తించి "గట్టిగా, హహహ" అంటాడు. ఇస్త్రీవాళ్ళూ మడతవాళ్ళూ ఆముదం తాగిన మొహాలతో హహహ అంటారు. ఆయన అటు తిరగగానే సూపర్‌వైజరు గొంతు సవరించుకుంటాడు. "ఇక చాలు. పనిలో ఎవరి పళ్ళూ నాకు కనబడకూడదు" అంటాడు.

ఇందులో తప్పేముందని మీరు అడగవచ్చు. నవ్వడం మంచిదే, పనివేళ పని చేయించడమూ మంచిదే. ఆ రెండు మంచి పనులూ కలిసి ఒక మనిషిని ఏ గతికి తెచ్చాయో చూడండి.

ఇదివరకు అక్కడ పెద్ద దుప్పట్లను ఇద్దరు కలిసి మడిచేవారు. చెరో కొసా పట్టుకుని, దూరంగా జరిగి బిగలాగి, మళ్ళీ ఎదురెదురుగా వచ్చి అంచులు కలపాలి. దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒక మాట పడేది, దూరం జరిగేలోగా నవ్వు పుట్టేది. అందరిలోకీ కబుర్లపోగు సూపర్‌వైజరుగారి అక్క. తల్లి పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. భర్త పోయాక తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది. "షుగరు డాక్టరుగారి కోటు జేబు నిండా చాక్లెట్టు కాగితాలే. పథ్యం మనకేనర్రా" అని ఆవిడ అంటే హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది.

తమ్ముడికి సూపర్‌వైజరు పదవి వచ్చిన రోజున ఎవరో "ఇంకేం, ఇక అక్కగారి రాజ్యమే" అన్నారు. ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. తనకు పక్షపాతం లేదని నిరూపించుకోవాలి కదా. నవ్వు నాలుగు విధాల చేటని ప్రకటించాడు. ఆ నాలుగూ ఏమిటో చెప్పమంటే అతనికీ తెలియదు. జంటలను విడగొట్టి మనిషికో బల్ల వేయించాడు. అక్క బల్లను మూలకు జరిపించి గోడవైపు తిప్పించాడు.

పెద్ద దుప్పటిని ఒక్కరే మడవాలంటే బల్ల చుట్టూ గానుగెద్దులా తిరగాలి. పని నత్తనడకైంది. ఒకరికి మెడ పట్టేసింది, ఇంకొకరికి తలనొప్పి పట్టుకుంది. సెలవులు పెరిగింది అప్పుడే. ఇతగాడు చేతులారా తెచ్చిపెట్టిన జబ్బుకే పై ఆఫీసువారు నవ్వుల మందు పంపారు. ఈ వైద్యం చూసి ఒళ్ళు మండక ఇంకేమవుతుంది?

ఇంట్లో ఒకరోజు భార్య కదిపింది. "వదిన సరిగా తినడం లేదండీ. రాత్రిళ్ళు నిద్ర కూడా లేదు. డాక్టరు అన్నీ చూసి ఒంట్లో జబ్బేమీ లేదన్నారు. ఇలాగే ఉంటే మనిషి మంచం పడుతుందన్నారు."

"రోజూ నవ్విస్తూనే ఉన్నాంగా. ఇంకేం చెయ్యమంటావు?" అని అతను విసుక్కున్నాడు.

"మీరు నవ్విస్తున్నారా? నవ్వమంటున్నారు, అంతే" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు శిక్షకుడు సరిగ్గా అక్క ముందే ఆగాడు. "అమ్మా, మీది మనసారా రావడం లేదు. ఇంకోసారి" అన్నాడు. ఆవిడ నోరు తెరిచింది. నవ్వుకు బదులు కళ్ళవెంట నీళ్ళు కారాయి.

సూపర్‌వైజరుకు తల కొట్టేసినట్టయింది. "అందరి ముందూ నా పరువు తీస్తున్నావక్కా. కాస్త నవ్వితే నీ సొమ్మేం పోయింది?"

"రావట్లేదురా. ఎలా వచ్చేదో కూడా మర్చిపోయాను" అందావిడ నెమ్మదిగా. "రేపట్నుంచి నేను పనికి రాను. ఇంట్లో ఓ మూల కూర్చుంటాను. అక్కడైతే గోడ చూడమని ఎవరూ చెప్పరు."

ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. అక్క అలగడం అతనికి తెలుసు, తిట్టడమూ తెలుసు. చల్లారిపోయిన ఈ ముఖం మాత్రం కొత్త. అక్క తన కళ్ళ ముందే తనకు కాకుండా పోతోందని అప్పటికి అతనికి అర్థమైంది.

వెళ్ళి ఆవిడ ముందున్న దుప్పటి కొస అందుకున్నాడు. "పట్టుకో అక్కా" అన్నాడు. అలవాటు కొద్దీ ఆవిడ రెండో కొస పట్టుకుంది. అజమాయిషీ చేసినంత సులువా మడత? ఆవిడ కుడికి తిప్పితే ఇతను ఎడమకు తిప్పాడు. దుప్పటి కాస్తా మోకులా మెలిపడింది. బిగలాగమంటే బలమంతా పెట్టి లాగాడు, అంచు చేజారింది. వెనక్కి తూలి, తిరిగి ఉతకాల్సిన బట్టల బుట్టలో నడుం దాకా కూరుకుపోయాడు.

హాలులో అందరూ తలలు దించుకున్నారు.

అక్క దగ్గరికి వచ్చి తొంగి చూసింది. "సూపర్‌వైజరుగారూ, అది మరకలు పోనివాటి బుట్టండీ. తమర్ని కూడా మళ్ళీ ఉతకాలా?"

ఎవరో కిసుక్కుమని, భయపడి వెంటనే నవ్వు మింగేశారు. ఆ మింగిన చప్పుడు అతనికి స్పష్టంగా వినిపించింది. ఇన్నాళ్ళూ తన ముందు వీళ్ళంతా ఇలాగే మింగుతూ వచ్చారన్నమాట. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అక్క ముఖంలోకి చూశాడు. ఆవిడ పెదవి ఓ పక్కకు వంకర తిరిగింది. చిన్నప్పుడు తనకు అన్నం పెడుతూ అలాగే నవ్వు ఆపుకొనేది. ఇక అతనికి ఆగలేదు. బుట్టలో కూర్చునే పగలబడి నవ్వాడు. అక్క నవ్వింది. హాలంతా గొల్లుమంది.

శిక్షకుడు చప్పట్లు కొట్టాడు. "చూశారా, ఇన్నాళ్ళకు నా పాఠం పనిచేసింది."

"అయ్యా, ఇక మీరు రానక్కర్లేదు. పై ఆఫీసుకు నేను చెప్పుకుంటాను" అన్నాడు సూపర్‌వైజరు, లేవడానికి అక్కకు చెయ్యి అందిస్తూ. ఆవిడ లాగి నిలబెట్టింది. అతను హాలువైపు తిరిగాడు. "బల్లలు తీసెయ్యండర్రా. ఎవరి జంట వాళ్ళు వెతుక్కోండి. తప్పు నాది."

ఆ రోజు మడతలు పొద్దుగూకక ముందే అయిపోయాయి. ఇంటికి వెళ్ళి అక్క అడిగి మరీ మారు వడ్డించుకుంది.

నవ్వు ఆరోగ్యమని ఊరూరా చెప్పే పెద్దలారా, ఆ మాట నిజమే, కాదనేవారు లేరు. కానీ నవ్వడం ఎలాగో మనుషులకు నేర్పే శ్రమ పెట్టుకోకండి. మీకు భయపడకుండా ఒకరి ముఖం ఒకరు చూసుకోనివ్వండి, వాళ్ళే నవ్వుకుంటారు.