పచ్చిపులుసు యుద్ధం

సూరత్‌లో చీరలకు డిజైన్లు గీసే ఉద్యోగం హారతిది. ఇంటికొచ్చాక మాంగా అనే బొమ్మల కథలు గీసేది. బొమ్మల పద్ధతి జపానువాళ్లది, మనుషులు మాత్రం మనవాళ్లు. తాపీ నది వరదలో ఇల్లు పోయాక, మాటలు మానేసి ఒకే గదిలో బతుకుతున్న ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ అది. ఒక్కో భాగమే ఫోన్లలోకి వదిలేది. సూరత్‌లో పుట్టిపెరిగిన మన మగ్గాల కుటుంబాల పిల్లలకు తెలుగు అక్షరాలు రావని, తెలుగు మాటలనే హిందీ లిపిలో రాసేది.

ఊళ్లోనే అమ్రోలి పేటలో మాంగా అభిమానుల మండలి ఒకటుంది. దానికి పెద్ద సాయిచరణ్, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మాటలున్న పేజీ కనబడితే అతని బొటనవేలు దోమను తోలినట్టు దాన్ని పక్కకు తోసేసేది. కత్తి కనబడితేనే ఆగేది.

"అక్కా, నీ బొమ్మలు మస్తుంటయ్," అన్నాడొక ఆదివారం, మండలి అందరి ముందు. "గానీ ఈ అక్కచెల్లెండ్లు ఎప్పుడు కొట్టుకుంటరు?"

"వాళ్లు కొట్టుకోరు. మాట్లాడుకోరు. గదే కథ."

"మాట్లాడకుంటే మంచిదే. మరి కొట్టుకోనీకేమైంది?"

అందరూ గంభీరంగా తలలూపారు. పరుశురాం అనే సభ్యుడు ఇంకాస్త లోతుకు వెళ్లి, భాగానికి ఒక్క కొండైనా పగలకపోతే అది సాహిత్యం కిందికి రాదన్నాడు.

హారతికి ఒళ్లు మండింది. అక్కచెల్లెళ్లను పక్కనపెట్టి, భీకరుడు, ప్రచండుడు అనే ఇద్దరు వీరులను పుట్టించింది. ఎందుకు కొట్టుకుంటున్నారో వాళ్లకే తెలియదు. మెరుపులు, నెత్తురు, పేజీకొక కొండ. మాటల బుడగల్లో మాత్రం తన అమ్మ చేసే పచ్చిపులుసు తయారీ నింపింది. "చింతపండు నానబెట్టి పిసుకు!" అని భీకరుడు గర్జిస్తాడు. "ఉల్లిగడ్డ సన్నగ తరుగు!" అని ప్రచండుడు కత్తి దూస్తాడు. చివరికి నేలకొరుగుతూ, "ఉప్పు... సరిపోయిందా..." అని కన్నుమూస్తాడు.

ఇక మండలివాళ్లు నవ్వులపాలవుతారనుకుని ఎదురుచూసింది. మండలి మొత్తం కన్నీళ్లు పెట్టుకుంది. ఆఖరి పేజీ చూసి అన్నం ముట్టలేదని పరుశురాం రాశాడు.

మండలి వార్షికోత్సవం నాడు సాయిచరణ్ అట్టముక్కల కవచం కట్టి భీకరుడిగా వేదికెక్కాడు. ఒక డైలాగు చెప్పమని జనం అరిచారు. అతనికి ఒక్కటీ తెలియదు. ఫోన్ తీసి, భీకరుడి పేజీ ఒకటి మొట్టమొదటిసారి చదివాడు.

"మిరపకాయను... నిప్పుల మీద కాల్చు!"

ఇప్పుడు బయటపడుతుందనుకుంది హారతి. హాలు ఈలలతో దద్దరిల్లింది. "కాల్చు! కాల్చు!" అని లేచి నిలబడి అరిచారు.

బయటికొచ్చాక ఆమె అతన్ని పట్టుకుంది. "అది పచ్చిపులుసు రా సాయీ!"

"చదివినంక అనిపించింది అక్కా. గానీ ఫోర్స్ ఉంది."

"కథ వద్దా నీకు?"

సాయిచరణ్ కవచం విప్పసాగాడు. "కథలు ఇంట్ల శానా ఉన్నయ్. మా బాపు చెడిపోయిన మగ్గం బాగు చేయించమని షేటును అడుగుతనే ఉంటడు. ఆయన 'కల్ దేఖేంగే', రేపు చూద్దాం అంటనే ఉంటడు. ఎంత మాట్లాడినా తెగది. ఈడ ఒక్క గుద్దుకు తెగుతది."

హారతి కోపం సగం దిగింది. "మంచిది. మరి భీకరుడి వేషమే ఎందుకు కట్టినవ్? వాడే దుర్మార్గుడు."

"ఔనా!" సాయిచరణ్ కళ్లు మెరిశాయి. "అయితే ఇంకా జబర్దస్త్!"

దిగిన సగం కోపం మళ్లీ ఎక్కింది.

ఆమె వీరులిద్దర్నీ వదిలేసి అక్కచెల్లెళ్ల దగ్గరికి తిరిగి వెళ్లింది. చదివేవాళ్లు తగ్గిపోయారు. పరుశురాం సంతాపం తెలిపి మరీ తప్పుకున్నాడు. కొన్నాళ్లకు ఒక భాగంలో, స్టవ్ మీద పాలు పొంగుతుండగా, చెల్లెలు అక్కను చెంపమీద ఒక్కటి కొట్టింది. మెరుపుల్లేవు, కొండల్లేవు. అక్క కింద కూర్చుని ఏడ్చింది, అంతే.

మర్నాడు సాయిచరణ్ ఫోన్ చేశాడు.

"అక్కా, దెబ్బ జబర్దస్త్ పడ్డది. చూసినప్పటి సంది మనసు అదోలెక్కుంది. ఎందుకు కొట్టింది ఆమె?"

ఇన్నాళ్లకు అతను 'ఎందుకు' అని అడిగాడని హారతి పొంగిపోయింది. "ఎనకకు పోయి మొదటి భాగం నుంచి చదువు. తెలుస్తది."

అవతల అతను గొణుగుతూ భాగాలు లెక్కపెట్టుకున్నాడు.

"అన్నీ చదవాల్నా," అన్నాడు చివరికి దీనంగా, "నువ్వే నోటితోని చెప్పరాదా?"