గండి మూసిన రోజు

నాలుగు చినుకులు పడగానే లోకంలో అందరూ గొడుగు వెతుక్కుంటారు. మా ఆయన పార వెతుక్కుంటాడు.

ఆయన్ని ఎంత తిట్టుకున్నా, తప్పు పూర్తిగా ఆయనది కాదు. మేం కొల్లేటి లంకలో పుట్టి పెరిగినవాళ్లం. అక్కడ వాన చాలలేదని ఏడ్చినవాణ్ణి నేను చూడలేదు. కొల్లేరు వెనక్కి తగ్గగానే ఆ నల్లబురదలో విత్తనం చల్లితే, పైనుంచి చుక్క పడకపోయినా నేల లోపలి తడితోనే పైరు పండేది. పొలంలో నీళ్లు నిలిస్తే గట్టుకి గండి కొట్టి బయటికి తోలేయడం, మాకు తెలిసిన వ్యవసాయం అంతే.

యాభైమూడులో వచ్చిన వరదల్లో మా ఇల్లూ, మా గేదే, మా అత్తగారూ ఒక్క పూటలో పోయారు. "ఇంక ఆ నీళ్ల మొహం చూడను" అని మా ఆయన సూర్రావు మరుసటి వేసవిలో నన్ను తీసుకుని మెట్టకి వచ్చేశాడు. నల్లజర్ల దగ్గర నాలుగెకరాల ఎర్రనేల కౌలుకి దొరికింది. వేరుశనగ వేశాం. విత్తనం ఒక్కసారి వేయడానికే ఉంది. ఆ పంట పోతే మళ్లీ లంకకే పోవాలి, అక్కడ మా బావగారి చూరు కింద బతకాలి. ఆ మాట తలుచుకుంటే నాకు అన్నం దిగేది కాదు.

మొలకలు రెండాకులు వేశాయో లేదో, ఒక మధ్యాహ్నం కుంభవృష్టి. నేను పొయ్యి మీద కుండ దించేలోపు మా ఆయన పార పట్టుకుని పొలానికి పరుగెత్తాడు. పల్లపు గట్టుకి నాలుగు చోట్ల గండి కొట్టి, ఎర్రటి నీళ్లు గలగలమంటూ వాగులోకి పోతుంటే నడుం మీద చేతులు పెట్టుకుని తృప్తిగా చూశాడు. నేనూ పక్కనే నిలబడి అమ్మయ్య అనుకున్నాను. నా తెలివీ అంతే మరి.

పక్క పొలం పాపారావుగారు తాటాకు గొడుగు వేసుకుని వచ్చి నెత్తి కొట్టుకున్నారు. ఆయన ఆ మెట్టలో పుట్టినవారు, చర్చిలో పెద్ద.

"ఇదేం పనండీ సూర్రావుగారూ! వచ్చిన వానని వచ్చినట్టే సాగనంపేశారా? పైమన్ను కూడా కొట్టుకుపోయింది కదండీ!"

"నీళ్లు నిలిస్తే మొక్క కుళ్లిపోతుంది కదండీ," అన్నాడు మా ఆయన.

"ఈ నేలలో నిలవమన్నా నిలవవండీ," అని ఆయన తన పొలం చూపించారు. గట్టు ఎక్కడా తెగలేదు. నీళ్లు మాత్రం అప్పటికే సగం లేవు.

ఆ తర్వాత ఇరవై రెండు రోజులు ఒక్క మబ్బు రాలేదు. మధ్యాహ్నమయ్యేసరికి మా మొక్కలు ఆకులు ముడుచుకుని నిలబడేవి. గట్టుకి అవతల పాపారావుగారి మొక్కలు పచ్చగా ఉండేవి. రోజుకి పదిసార్లు వెళ్లి చూసేదాన్ని. చూస్తే నీళ్లొస్తాయా? అయినా ఇంట్లో కూర్చోలేకపోయేదాన్ని.

పాపారావుగారి అమ్మాయి ప్రభావతి బళ్లో పంతులమ్మ. ఒక సాయంత్రం నేను గట్టు మీద దిగాలుగా కూర్చుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"మంగాయమ్మక్కా, మీ ఊళ్లో ఏం మొలుస్తాయండీ, ఎవరూ నాటకుండా?"

"కిక్కిస గడ్డి, తూడు, తామర. అన్నీ నీళ్లలోవే."

"ఇక్కడ?"

చుట్టూ చూశాను. తాడిచెట్లు, తుమ్మలు, రేగుకంపలు. అన్నీ బిగదీసుకుని బతికేవే.

"నేల సంగతి ముందు చెట్టుకే తెలుస్తుందండీ. ఏళ్ల తరబడి వాన రాని దేశాల్లో ఆకులే ఉండవట, ముళ్లే. రోజూ వాన కురిసే దేశాల్లో ఆకులు విస్తళ్లంత ఉంటాయట. అంతంత అడవులున్నా అక్కడి మట్టిలో సారం తక్కువేనండీ, వానే కడిగేస్తుంది. మీ కొల్లేటి మట్టి వాగులూ కాలవలూ తెచ్చి పోసింది, నీళ్లని పట్టుకుని వదలదు. ఇది రాయి అరిగి అయిన మట్టి. నీళ్లు తాగేస్తుంది. తాగనివ్వాలి, అంతే."

"ఇదంతా మా ఆయనకి చెప్పమ్మా, పుణ్యముంటుంది," అన్నాను.

చెప్పింది. పాపారావుగారూ చెప్పారు. మా ఆయన మూడు గండ్లు పూడ్చాడు. నాలుగోది, అన్నిటికంటే పల్లంలో ఉన్నది, పూడ్చలేదు. "అది కూడా మూసేస్తే నాకు కునుకు పట్టదే," అన్నాడు. నాకూ పట్టదు మరి.

ఇరవై మూడో రోజు పొద్దున్నే ఆయన ఏలూరు బస్సెక్కాడు. బావగారు చేపలు వేసుకుని అక్కడికి వస్తారు. ఆయన్ని కలిసి మేం వెనక్కి వచ్చేస్తున్నామని చెప్పాలట. వెళ్తూ వెళ్తూ, "వానొస్తే ఆ గండి జోలికి పోకు," అన్నాడు.

మూడు గంటలకి పడమర నల్లబడింది. నేను పొలానికి వెళ్లేసరికి పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. చూస్తుండగానే నీళ్లు చాళ్ల వెంట జారి ఆ గండివైపే పోతున్నాయి. మా అత్తగారి చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది ఇలాంటి చప్పుడులోనే. పారిపోదామనిపించింది. వాడిపోయిన ఆ మొక్కల్ని చూశాను. పార తీసుకుని మట్టీ తాటిమట్టలూ గండికి అడ్డం వేసి తొక్కాను. మట్టి జారిపోతుంటే అక్కడే చతికిలబడి వీపు ఆనించి కూర్చున్నాను.

నీళ్లు తొడలు దాటి నడుం దాకా వచ్చాయి. దేవుళ్లందరి పేర్లూ అయిపోయాయి, పాపారావుగారి దేవుణ్ణి కూడా పిలిచాను.

వాన వెలిసే వేళకి మా ఆయన బస్సు దిగి తడిసి ముద్దయి పరుగెత్తుకొచ్చాడు.

"మూసేశావా! మతి పోయిందా నీకు?" అని పార పట్టుకుని లాగాడు. నేను దాని కర్ర వదల్లేదు.

"ఒక్క గంట ఆగండి. తగ్గకపోతే నేనే కొడతాను గండి."

"నేను వద్దని చెప్పి వెళ్లినా మొండితనమేనా?"

"మీరు వెళ్లారు కాబట్టే చెయ్యగలిగానండీ."

ఆయన పార వదిలేసి, ఒక పుల్ల విరిచి నీటి అంచున గుచ్చాడు. వరదొస్తే లంకలో అందరం చేసే పని అది. పుల్ల మునిగితే పిల్లల్ని పడవెక్కించాలి. దాని ముందే గొంతుక్కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఇద్దరం దాన్నే చూశాం.

నీటి అంచు పుల్లని వదిలేసి బెత్తెడు వెనక్కి పోయింది. ఆయన ఇంకో పుల్ల గుచ్చాడు. దాన్నీ వదిలింది. చీకటి పడకముందే చాళ్లలో తడిమట్టి తప్ప ఏమీ లేదు. మా ఆయన చేతిని మోచెయ్యి దాకా మట్టిలోకి దింపి, చాలాసేపు అలాగే ఉంచేశాడు.

"లోపలంతా తడేనే," అన్నాడు.

"బావగారికి చెప్పేశారా?"

"ఆదివారానికి వస్తున్నామని చెప్పేశాను."

"రేపు పంతులమ్మగారి చేత కార్డు రాయించండి," అన్నాను. "రావడం లేదని."