వేడి తప్ప వెలుగు ఎరుగని కన్ను

నేను ఒక పరారుణ కెమెరాను. నా కంటికి బిగించింది గాజు కాదు, వేడిని మాత్రమే లోనికి రానిచ్చే జర్మేనియం బిళ్ళ. ఓ అంబులెన్స్ విమానం ముక్కు మీద ఆరేళ్ళు కొలువు చేశాను. పొగమంచు దట్టమైతే నేనూ గుడ్డిదాన్నే. మామూలు చీకట్లో మాత్రం కొండ అంచు, రోడ్డు మీది లారీ, పొలంలో నక్క అన్నీ పైలట్ల తెర మీద పెట్టేదాన్ని. నాకు కనబడనిది లోకంలోనే లేదనుకునేవాళ్ళు మనుషులు. నేనూ కాదనలేదు.

ఒక రాత్రి వెంటిలేటర్ మీదున్న రోగితో సీమలోని చిన్న విమానాశ్రయానికి వచ్చాం. ఆక్సిజన్ అరగంటకే ఉంది. అప్పుడే వాన వెలిసి నేలా, తారూ ఒకే చల్లదనానికి వచ్చాయి. నా తెరంతా బూడిద.

"మేడమ్, రన్‌వే లైట్లు లేవు. వెనక్కి తిరుగుదామా?" కో-పైలట్ ఫణీంద్ర తెర మీంచి చూపు తీయకుండా అడిగాడు.

"తెర వదిలి అద్దంలోంచి చూడు," అంది కెప్టెన్ వైదేహి.

రెండు బారుల దీపాలు ధగధగలాడుతున్నాయట! కొత్త ఎల్‌ఈడీలు. నాకు అందేంత వేడి వాటిలో లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

కిందికి దిగుతున్నాం. ఇంతలో నడిరన్‌వే మీద వేడికి తెల్లగా మెరిసే రెండు ముద్దలు నాకు కనిపించాయి. ఫణీంద్ర తెర చూసి కేక పెట్టాడు. "మేడమ్, ఏదో అడ్డముంది!"

బయట ఏమీ కనబడకపోయినా వైదేహి క్షణం ఆలోచించలేదు. విమానాన్ని పైకి లేపేసి, రేడియోలో కిందికి కబురు చెప్పింది.

పది నిమిషాలకు రేడియోలో విమానాశ్రయం ఎలక్ట్రీషియన్ ఓబులేసు పలికాడు. "రెండు ఎనుములు పండుకోనుండాయి సార్. తోలేసినా. దిగండి."

దిగాం. రోగిని ప్రాణంతోనే దించారు. ఓబులేసు ఫణీంద్రను పట్టుకున్నాడు.

"లైట్లు నేనే బిగించినా సార్. బాగా కనపడినాయా?"

"మాకు కనబడ్డాయి. ఈ కెమెరాకే కనబళ్ళేదు."

"మరి ఎనుములు?"

"ఆ గేదెలు దానికే కనబడ్డాయి. మాకు కనబళ్ళేదు."

ఓబులేసు నవ్వి, భుజం మీది తువ్వాలుతో నా కంటి మీది వాననీళ్ళు మెల్లగా ఒత్తాడు.

ఇప్పుడు నా స్థానంలో ఎల్‌ఈడీలనూ చూడగల కొత్త కెమెరా ఎగురుతోంది. నేను శిక్షణ కళాశాలలో బల్ల మీదున్నాను. కొత్త విద్యార్థులు రాగానే వైదేహి నన్ను వాళ్ళ చేతికిచ్చి, "ఇది ఏమేం చూడలేదో ముందు చెప్పండి," అంటుంది.

వాళ్ళు నన్ను అటూ ఇటూ తిప్పి చూస్తారు. నాకు చెయ్యంటూ ఉంటే మొదట ఎత్తేది నేనే.