బాగున్న చెయ్యి

ఎవరి భుజం పరీక్షించినా ఫిజియోథెరపిస్టు ముందు బాగున్న చేతినే ఎత్తమంటుంది. దాన్ని చూస్తేనే రెండోది ఎంత బిగుసుకుపోయిందో తెలుస్తుంది. కాలు మీద కాలేసుకుని కూర్చున్న మొగుడికి ఆ సంగతి తెలియదు. పెళ్లానికి ఎడమ రొమ్ము క్యాన్సరని తీసేశారు కాబట్టి ఎడమ చెయ్యే చూస్తారనుకుని నిశ్చింతగా వచ్చాడు.

బాగుండాల్సిన కుడి చెయ్యి ఛాతీ దాకా కూడా లేవలేదు. జబ్బ మీద అయిదు వేళ్ల అచ్చులు నల్లగా కమిలి ఉన్నాయి.

"ఇదెలా అయిందమ్మా?"

"బాత్రూంలో జారిపడింది," అన్నాడు మొగుడు.

"నేనడిగింది ఆవిణ్ణి."

"ఒట్టి వేషాలండీ. నేనెత్తిస్తా చూడండి." లేచొచ్చి ఆ చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. భుజం పటుక్కుమంది. ఆమె కెవ్వుమంది.

మరుక్షణం, ఆపరేషనయ్యాక ఇన్నాళ్లూ వ్యాయామంగా గోడ మీద వేళ్లు పైకి పాకించి పాకించి ఆమె సాధించుకున్న ఆ ఎడమ చెయ్యి చెవి పక్కగా నిటారుగా లేచి వాడి మూతి మీద పడింది. వాడు కుర్చీ మీద వెల్లకిలా పడి, దానితో సహా నేల కూలాడు. పెదవి చిట్లి నెత్తురు కారింది.

బూతులు తిడుతూ లేవబోయిన వాడి గుండెల మీద ఫిజియోథెరపిస్టు బూటుకాలు పెట్టి తొక్కింది. కోణాలు కొలిచే స్కేలు చేతిలోకి తీసుకుంది.

"ఎడమది బాగానే లేస్తోంది. ఇంకోసారి ఎత్తమ్మా, ఇందాక సరిగ్గా కొలవలేదు."