నాలుగడుగుల దర్వాజ

ఇరవై మూడేళ్ల వయసులో నాకు తలపొగరు ఉండేది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను గానీ, అప్పుడెవరైనా ఆ మాటంటే పోట్లాటకు దిగేదాన్ని. తొంభై ఎనిమిదిలో కొత్తగూడలో ఒక మేడమీద వాటాలో మా ఆర్కిటెక్టు ఆఫీసు ఉండేది. కిటికీ తీస్తే బండరాళ్లు, సీతాఫలం పొదలు. మధ్యాహ్నం మాదాపూర్ వైపు బండలు పేలుస్తుంటే మా గాజుగ్లాసులు గలగలమనేవి. ఆఫీసు మొత్తానికి ఒక్కటే ఏసీ, అదీ రెండు కంప్యూటర్ల కోసం. గుడిలోకి వెళ్లినట్టు చెప్పులు బయట విప్పి ఆ గదిలోకి వెళ్లేవాళ్లం. ఆ చల్లదనం, ఆ కొత్త ప్లాస్టిక్ వాసన తలుచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం లేచొస్తుంది.

కాకినాడ నుంచి వచ్చి, ఆ గదిలో కంప్యూటర్ మీద ప్లాన్లు గీసే ఉద్యోగంలో చేరాను. మా యజమాని యజ్ఞనారాయణ గారు ఆరు నెలలు పని చూసి పర్మనెంట్ చేస్తానన్నారు. ఐదో నెలలో, గచ్చిబౌలిలో లేస్తున్న ఒక కంపెనీ భవనానికి నలభై తలుపుల డ్రాయింగు ఒక్క పూటలో చేసి ఆయన బల్ల మీద పెట్టాను. అంత వేగం ఎలా వచ్చిందంటే, ఒక చిట్కా ఉంది. మూడడుగుల తలుపును ఒక్కసారి, కొలతల అంకెలతో సహా గీసి దాచుకుంటాం. దాన్నే బ్లాకు అంటాం. నాలుగడుగుల తలుపు కావాలంటే మళ్లీ గీయక్కర్లేదు, ఆ బ్లాకునే అడ్డంగా నాలుగడుగులకు లాగేస్తే సరిపోతుంది. నేను నలభై సార్లు లాగేశాను.

"శభాష్ అమ్మాయ్" అన్నారు యజ్ఞనారాయణ గారు. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద లేవు.

వారం తిరక్కుండా సైటు నుంచి ఇంజనీరు ఓంకార్ ఫోన్ చేశాడు. వడ్రంగి రాజయ్య డ్రాయింగు తప్పంటూ కట్టె కోయడం లేదట. రెండు రోజులుగా పని ఆగిపోయిందట. ఆనాడు మా దగ్గర గోడలు కట్టే ముందే తలుపుల చెక్క చౌకట్లు, అంటే దర్వాజలు, నిలబెట్టేవారు. తలుపు ఆగితే గోడ ఆగినట్టే.

"వెళ్లి ఆయనకి నచ్చజెప్పి రా అమ్మాయ్" అన్నారు యజ్ఞనారాయణ గారు. నాకు ఒళ్లు మండిపోయింది. చెవి మీద పెన్సిలు పెట్టుకునే మనిషి నా కంప్యూటర్‌కి వంకలు పెట్టడమా! దారి పొడుగునా ఆటోలో మాటలు కూడదీసుకుంటూ వెళ్లాను.

సైటులో రేకుల పందిరి కింద టేకు కట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటి పక్కన యాభై దాటిన రాజయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఇంకోపక్క చందానగర్ నుంచి పిలిపించిన మరో వడ్రంగి పనిముట్ల సంచి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. సంగతి నాకర్థమైంది. నేను వచ్చి డ్రాయింగు సరిగ్గానే ఉందని చెప్పగానే రాజయ్యను పంపేస్తారు. కొత్తగూడ పాత ఇళ్లలో సగం తలుపులు ఆయన చేతివే. కానీ పెద్ద భవనంలో పని దొరకడం ఇదే మొదలు. ఇక్కడ మాట పోతే చుట్టుపక్కల లేస్తున్న భవనాల్లో ఏ ఇంజనీరూ ఆయన్ని గడప తొక్కనివ్వడు.

"ఏం రాజయ్యా, మేడమొచ్చింది. ఇగ నీ డౌటేందో చెప్పు. కంప్యూటర్ తప్పు జేస్తదా?" అన్నాడు ఓంకార్.

రాజయ్య నా డ్రాయింగు నేల మీద పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా టేకు ముక్కలు పెట్టాడు. జేబులోంచి అగ్గిపుల్ల తీశాడు. తలుపు బొమ్మలో పైనున్న అడ్డకట్టె మందమెంతో అంతకు పుల్లను విరిచాడు. ఆ ముక్కనే నిలువు కట్టె మీద అడ్డంగా పెట్టాడు. సరిపోలేదు. నిలువు కట్టె బాగా లావుగా ఉంది.

"సూడు మేడం. మూడు కట్టెలు ఒక్కటే సైజని నువ్వే రాసినవ్, నాలుగించులని. మరి నిలువు కట్టె లావుగ, అడ్డకట్టె సన్నగ ఎట్లైతది? తాళంచెవి బొక్క గుండ్రంగుండాలె గద, కోడిగుడ్డు లెక్కుంది. గీ బొమ్మనెవలో గుంజిన్రు. అంకెలు మాత్రం గుంజకముందువి. జర సూసి చెప్పు, నేను బొమ్మను నమ్మాల్నా, అంకెను నమ్మాల్నా?"

స్కేలు తీసి కాగితం మీద వెడల్పు కొలిచాను. నాలుగడుగులొచ్చింది. దాని కిందే నా అంకె మూడడుగులంటోంది. బొమ్మను లాగాను గానీ, బ్లాకు లోపలున్న అంకె పాతదే ఉండిపోయింది. ఆయన ఆ అంకెను నమ్మి కోసుంటే నలభై టేకు కట్టెలు ఒక్కో అడుగు పొట్టివయ్యేవి. కోసిన టేకు మళ్లీ అతుకుతుందా?

"చెప్పండి మేడం, కరెక్టే కదా?" అన్నాడు ఓంకార్. చందానగర్ ఆయన లేచి నిలబడ్డాడు.

నిజం చెప్తున్నాను, తప్పించుకునే దారి నాకు కనబడింది. ఆఫీసులో ఇంకోసారి చూసి చెప్తానని వెళ్లిపోయి, గుట్టుగా దిద్ది, రేపు కొత్త కాగితం పంపొచ్చు. నా తప్పు ఎవరికీ తెలియదు. ఆ లోపు రాజయ్య సంచి సర్దుకుని వెళ్లిపోతాడు. నాకింకా నెల రోజులు గడిస్తే పర్మనెంట్.

రాజయ్య నా మొహంలోకి చూడటం లేదు. ఆ అగ్గిపుల్ల ముక్కనే చూస్తున్నాడు.

"కంప్యూటర్ తప్పు చెయ్యలేదండీ, నేనే చేశాను. రాజయ్య గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆయన కోసుంటే మీ టేకంతా బుగ్గిపాలయ్యేది" అన్నాను. అరిచినట్టే చెప్పాను. పందిరి కింద పనివాళ్లంతా మావైపు తిరిగారు. ఓంకార్ మొహం మాడిపోయింది. చందానగర్ ఆయన సంచి భుజానికి తగిలించుకుని, "గింత దానికి పొద్దుగాల్నుంచి కూసోబెట్టిన్రు" అని గొణుక్కుంటూ పోయాడు.

రాజయ్య తన చెవి మీది పెన్సిలు తీసి నా చేతిలో పెట్టాడు. "కాగితం రేపు దిద్దుకో బిడ్డా. నాకు మాత్రం కట్టె మీద నీ చేతితోని రాసియ్యి. నీ మాట మీద కోస్త."

నలభై కట్టెల మీద కొలిచి గీత గీసి, నాలుగడుగులని రాశాను. మొదటి కట్టె మీద పేరు కూడా రాయమన్నాడు. పెద్దాయన కదా అని ముందు ఆయన పేరు రాసి, దాని కింద బాలాత్రిపురసుందరి అని నాది రాశాను.

"అబ్బో! గింత పొడుగు పేరుకు దర్వాజ నాలుగడుగులన్న ఉండాలె" అని నవ్వాడు. తర్వాత తన పేరు మీద వేలు పెట్టి చదువుకున్నాడు. "ముప్పై ఏండ్ల సంది చేస్తున్న. ఒక్క దర్వాజ మీద గూడ నా పేరు ఎవలు రాయలే. దీన్ని మెట్లెక్కంగనే ఉన్న దర్వాజకు పెడత" అన్నాడు. రంపం అందుకుని నేను గీసిన గీత మీద పెట్టి కోశాడు.

ఆఫీసులో ఎన్ని చీవాట్లు తిన్నానో చెప్పను. పర్మనెంట్ ఇంకో ఆరు నెలలు వెనక్కి పోయింది. ఆ తర్వాత బ్లాకు లోపల కొలత పెట్టిన పాపాన పోలేదు.

పోయినేడు ఏదో పని మీద ఆ భవనానికి వెళ్లాను. కంపెనీ మారింది, బోర్డు మారింది. మెట్లెక్కగానే ఉన్న దర్వాజ మాత్రం చెక్కు చెదరలేదు. రాసిన వైపు గోడలోకి వెళ్లిపోయింది, పైన సిమెంటు, రంగులు. మునివేళ్ల మీద లేచి పైకట్టెను తాకి నిలబడ్డాను. రాజయ్య గారు పోయి పదేళ్లయింది. ఆయన్ని ఇంకోసారి చూడలేదని ఏడుపు ముంచుకొచ్చింది.

"ఎవరి కోసం మేడం?" అన్నాడు గార్డు.

"రాజయ్య గారి కోసం" అన్నాను, నోటికొచ్చేసింది.

అతను పాపం బల్ల దగ్గరికి వెళ్లి కంప్యూటర్‌లో శ్రద్ధగా వెతికాడు. "ఆ పేరుతోని ఇక్కడ ఎవలు లేరు మేడం."

ఉన్నారు, సరిగ్గా చూడవయ్యా అని అరవబోయి, కళ్లు తుడుచుకుని ఆ దర్వాజలోంచే బయటికి వచ్చేశాను.