ఎనిమిది పౌన్ల తేడా

నేను ఒక గాలి మీటరుని. కారు టైరులో గాలి ఎంతుందో చెప్పడం నా పని. అరచేతిలో ఇమిడిపోయే ఇత్తడి ఒళ్ళు, గడియారంలాంటి గుండ్రటి ముఖం, ఆ ముఖం మీద ఒకే ఒక్క ముల్లు, కింద టైరు మూతికి ఆనించే పొట్టి గొట్టం. అంతకు మించి చెప్పుకోదగ్గ అందం లేదు. గడియారాన్ని మనుషులు రోజుకు నూరుసార్లు చూసుకుంటారు. నన్ను చూసేది ఏ వారానికో ఒకసారి, అదీ మోకాళ్ళ మీద కూర్చుని, చేతికి మట్టి అంటించుకుని. అందుకే నన్ను వాడేవాళ్ళు తక్కువ. వాడేవాళ్ళు మాత్రం నా మాటకు ఎదురు చెప్పరు. ఆ నమ్మకమే ఒక మంచి డ్రైవరును రెండేళ్ళపాటు స్టీరింగు ముట్టుకోకుండా చేసింది. ఆ సంగతే చెబుతాను.

నేను పుట్టింది కోయంబత్తూరులో, పది మంది పనిచేసే ఒక రేకుల షెడ్డులో. అక్కడ మరగతం అనే ఆవిడ నన్ను ఒక పెద్ద మీటరు పక్కన బిగించి, ఇద్దరి ముళ్ళూ ఒకచోటే నిలిచేదాకా సన్నటి స్క్రూడ్రైవరుతో నా లోపలి స్ప్రింగును సవరించింది. మూడుసార్లు సరిచూసి గానీ డబ్బాలో పెట్టలేదు. లోకంలోకి వచ్చేముందు మనుషుల్ని ఇలా ఎవరూ సరిచూసి పంపరు కదా, ఆ ఒక్క విషయంలో నాకు కాస్త గర్వం ఉండేది.

అక్కడినుంచి గుంటూరు చేరి, ఒక మోటారు సామాన్ల కొట్టులో హారన్ల మధ్య ఏడాదిన్నర కూర్చున్నాను. ఎనభై ఏడులో వినుకొండ డాక్టరు వకుళాదేవి గారు ఆ కొట్టుకు వచ్చారు. ఆవిడ కాన్పుల డాక్టరు. అప్పుడే ఒక తెల్ల ఫియట్ కారు కొని, ఇస్సాకు అనే అతన్ని డ్రైవరుగా పెట్టుకున్నారు. ముప్పై దాటిన వయసు, సన్నటి మనిషి, మాట తక్కువ. నన్ను కొనిపించింది అతనే.

"పంపు దగ్గర మీటరు ఉంటుందిగా ఇస్సాకూ, మళ్ళీ మనకెందుకు?" అన్నారావిడ.

"ఆ మీటర్లు ఒక్కోటి ఒక్కో మాట చెప్తయ్యమ్మా. మనకంటూ ఒకటుంటే ఎప్పుడు చూసినా ఒకే మాట."

జ్వరం చూసే గొట్టం ఒక్కటి కూడా అరువు తెచ్చుకోని మనిషి ఆవిడ. వెంటనే అర్థమయింది. నన్ను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ఇస్సాకు చేతికిచ్చారు.

బండితో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ఆవిడ చదివి చెప్పారు, ఇస్సాకు విన్నాడు. ముందు చక్రాలకు ఇరవై రెండు పౌన్ల గాలి, వెనక చక్రాలకు ఇరవై ఆరు. డ్రైవరు పక్క తలుపు తెరిస్తే కనబడే లోపలి అంచు మీద ఆ రెండు అంకెలూ తెల్ల రంగుతో రాసుకున్నాడు. పంక్చరు కొట్టువాళ్ళు ఏ బండి వచ్చినా ఒకే లెక్కన గాలి పట్టేస్తారని అతనికి కోపం.

"జొరానికీ కడుపునొప్పికీ ఒకే మాత్ర ఇచ్చినట్టమ్మా," అన్నాడు ఒకసారి. డాక్టరమ్మ చాలాసేపు నవ్వారు. ఆ తర్వాత ఆసుపత్రిలో ఆ మాట తన మాటలాగే నర్సులకు చెప్పారు.

మంగళవారం వస్తే బొల్లాపల్లి వైపు ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు. కొండ వార ఊళ్ళు, అప్పటికి సరైన బస్సు కూడా లేదు. ఆ రోజు పొద్దున్నే షెడ్డులో ఎండ పడకముందే ఇస్సాకు నన్ను తీసేవాడు. ఇంజను ముట్టించకముందే చూడాలి. బండి నాలుగు మైళ్ళు నడిచిందంటే టైరు వేడెక్కి, లోపల గాలి ఉబ్బి, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అది టైరు తప్పూ కాదు, నా తప్పూ కాదు. పరిగెత్తుకొచ్చిన మనిషి నాడి పట్టుకుంటే ఎలా ఉంటుందో అలాగే. చక్రం చక్రం దగ్గరా కూర్చుని, మూత తీసి, నన్ను నిటారుగా ఆనించి, ఊపిరి బిగబట్టి చూసేవాడు. డిక్కీలోని ఐదో చక్రాన్ని కూడా వదిలేవాడు కాదు.

ఆ మంగళవారాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు హాయిగా ఉంటుంది. కిటికీలోంచి వచ్చే మిరపకాయల ఘాటు, వెనక సీట్లో మందుల పెట్టెల గలగల, డాక్టరమ్మ చదువుకుంటూ నిద్రపోయిన పుస్తకం. పనయ్యాక ఏదో ఒక బడి అరుగు మీద అన్నం. మొదట్లో ఇస్సాకు తన డబ్బా తీసుకుని చెట్టు కిందికి వెళ్ళిపోయేవాడు. మూడో ఏడు ఒకనాడు ఆవిడ, "నీ జొన్నరొట్టె నాకు పెట్టకూడదనే కదా అంత దూరం పోతావు," అన్నారు. ఆ రోజునుంచి అరుగు మీదే కూర్చున్నాడు. కొంచెం ఎడంగా, కానీ అరుగు మీదే.

అలా ఆరేళ్ళు గడిచాయి. ఆ తర్వాత ఒక ఆదివారం.

ఇస్సాకు చర్చికి వెళ్ళాడు. ఆవిడ తానే బండి తీసి గుంటూరు పోవాలనుకున్నారు. గాలి చూడందే కదలకూడదని ఇస్సాకు దగ్గర నేర్చుకున్నారు కనుక నన్ను తీసి వెనక చక్రం దగ్గర కూర్చోబోయారు. అంతలో నర్సు వచ్చి కాన్పు కేసు వచ్చిందని కేకేసింది. ఆవిడ గభాలున లేచారు. నేను చేయి జారి సిమెంటు మెట్టు మీద ముఖం ఆనేట్టు పడ్డాను. అద్దం పగల్లేదు. ముల్లు ఎప్పట్లాగే సున్నా దగ్గరి అడ్డుకు ఆనుకునే ఉంది. ఆవిడ చీర చెంగుతో తుడిచి, నా చోట నన్ను పెట్టి, లోపలికి పరిగెత్తారు. గుంటూరు ప్రయాణం ఆగిపోయింది. నేను పడ్డ సంగతి చెప్పాలని ఆవిడకు తోచలేదు. దాచాలనీ తోచలేదు. మనుషులు చేసే పెద్ద కీడు చాలావరకు ఇలా ఏమీ తోచకుండానే జరిగిపోతుంది.

నా లోపల మాత్రం మరగతం సవరించిన స్ప్రింగు పక్కకు ఒరిగింది.

మంగళవారం పొద్దున ఇస్సాకు వెనక చక్రానికి నన్ను ఆనించాడు. పద్దెనిమిది అన్నాను. అతను ఉలిక్కిపడ్డాడు. రెండో వెనక చక్రమూ పద్దెనిమిదే. ముందు చక్రాలు పద్నాలుగు. నాలుగు చక్రాలూ ఒక్క వారంలో, కూడబలుక్కున్నట్టు, సరిగ్గా ఎనిమిదేసి పౌన్లు దిగిపోతాయా? నాలుగు చక్రాలు ఒక మాటా నేనొక్కదాన్నే ఇంకొక మాటా చెబుతుంటే అతను నన్నే నమ్మాడు. కాలి పంపు తెచ్చి, చెమటలు కక్కుతూ, నేను ఇరవై రెండు, ఇరవై ఆరు అనేదాకా గాలి కొట్టాడు. ఆపమని చెప్పడానికి నాకు ముల్లు తప్ప నోరు లేదు. ఆ ముల్లే అబద్ధమాడుతోంది.

దారిలో అతని ఒంటికి తేడా తెలిసింది.

"ఎందుకో బండి గంతులేస్తందమ్మా. టైరు రాయిలాగుంది."

"గాలి చూశావా?"

"చూశానమ్మా. ఎనక ఇరవై ఆరే."

"మరింకేం," అని ఆవిడ పుస్తకంలోకి తల వంచారు.

రెండు వారాల తర్వాత, ఏప్రిల్ ఎండలో, బొల్లాపల్లి ఇంకా మూడు మైళ్ళుందనగా గతుకులో పడి వెనక ఎడమ టైరు పేలింది. ఇస్సాకు బ్రేకు తొక్కలేదు. స్టీరింగు గట్టిగా పట్టుకుని బండిని రోడ్డు మీద నిలపాలని చూశాడు. అయినా అది గిర్రున తిరిగి పక్కనున్న మిరపకాయల కల్లంలోకి దూసుకుపోయింది. ఎర్రటి కాయలు అద్దం నిండా ఎగిరాయి. కల్లంలో మనుషులెవరూ లేకపోవడం అదృష్టం. ఆ ఘాటుకు దగ్గుతూ, కళ్ళు మండుతుంటే అతను తడుముకుంటూ వెనక తలుపు తెరిచాడు. డాక్టరమ్మ కుడి మణికట్టు విరిగింది.

కాన్పుల డాక్టరుకు కుడి చెయ్యే ఆధారం. ఆరు నెలలపాటు ఆవిడ కత్తి పట్టలేకపోయారు. కష్టమైన కేసులన్నీ నరసరావుపేటకో గుంటూరుకో పంపవలసి వచ్చింది. వాటిలో ఒక తల్లి దారిలోనే పోయింది. ఆ కబురు వచ్చిన రోజే ఆవిడ ఇస్సాకును పిలిచారు. మిగిలిన మూడు టైర్లూ చూసిన మెకానిక్కు అప్పటికే చెప్పిపోయాడు, గాలి బాగా ఎక్కువైందని.

"ఎంత పెట్టావు ఇస్సాకూ?"

"ఇరవై ఆరేనమ్మా."

"మెకానిక్కు అలా చెప్పడం లేదే. మీటరు అబద్ధం చెబుతుందా?"

"మీటరెందుకు చెప్పుద్దమ్మా అబద్ధం," అన్నాడు ఇస్సాకు. "నేనే సరిగ్గా చూసుండను."

నన్ను అనుమానించడానికి అతనికి మనసు రాలేదు. తన కంటినీ చేతినీ అనుమానించుకున్నాడు. తాళంచెవినీ నన్నూ బల్ల మీద పెట్టి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆవిడ ఆగమనలేదు.

తర్వాత వచ్చిన డ్రైవరు చెప్పిన పని చేసేవాడు, చెప్పనిది చేసేవాడు కాదు. వారం వారం నా మాట ప్రకారమే గాలి నింపేవాడు. బండి గంతులేస్తూనే ఉండేది, కాకపోతే ఆ మాట ఆవిడకు చెప్పేవాళ్ళు లేరు. ప్రమాదం తర్వాత వేసిన కొత్త టైర్లు రెండేళ్ళు తిరక్కుండానే నున్నబడ్డాయి. వాటిని మార్పించడానికి ఆవిడ టైర్ల కొట్టు మాబుసుభాని దగ్గరికి వెళ్ళారు. తలపండిన మనిషి. పాత టైరును నిలబెట్టి వేలితో రుద్దాడు.

"చూడండమ్మా, అంచులు బాగానే ఉన్నయ్, నడిమధ్యలో అరిగింది. గాలి ఎక్కువైతేనే ఇట్టా అరుగుద్ది. మీ డ్రైవరు దేంతో చూస్తన్నాడు?"

నన్ను ఇచ్చారు. అతను ఒక చక్రానికి ముందు నన్నూ తర్వాత తన మీటరునూ ఆనించాడు. నేను ఇరవై ఆరు. అతనిది ముప్పై నాలుగు. ఇంకో మీటరు తెప్పించాడు. అదీ ముప్పై నాలుగే.

"ఇది ఎప్పుడో కింద పడుంటదమ్మా," అన్నాడు మాబుసుభాని తేలిగ్గా, నన్ను తిరిగిస్తూ. కొత్త టైర్లకు తన మీటరుతోనే లెక్క ప్రకారం గాలి పట్టాడు.

సిమెంటు మెట్టు, నర్సు కేక, చీర చెంగు, అన్నీ ఆవిడకు ఒక్కసారి గుర్తొచ్చినట్టున్నాయి. నేను పడ్డ సంగతి తెలిసింది ఇద్దరికే, ఆవిడకూ నాకూ. నేనెటూ చెప్పలేను. నన్ను ఆ కొట్టు పక్క కాలవలో విసిరేసి ఉంటే అంతటితో సరిపోయేది. రెండు రోజులు నన్ను బల్ల మీద పెట్టుకుని, వంకరగా అతుక్కున్న మణికట్టును రుద్దుకుంటూ కూర్చున్నారు. మూడోనాడు మధ్యాహ్నం నన్ను సంచీలో వేసుకుని, డ్రైవరును వద్దని, తానే బండి తీశారు.

ఇస్సాకు నరసరావుపేట దారిలో ఒక నూలు మిల్లు దగ్గర గేటు కాపలా ఉన్నాడు. లారీలు వస్తే గేటు తియ్యడం, పోయాక మూయడం. తెల్ల కారు చూసి లేచి నిలబడ్డాడు. జుట్టు సగం నెరిసింది.

"అమ్మగారూ, చెయ్యి ఎట్టా ఉంది?" అదే అతని మొదటి మాట.

ఆవిడ నన్ను తీసి చూపించారు. "ఇది ఎనిమిది తక్కువ చూపిస్తోంది ఇస్సాకూ. ఆ ప్రమాదానికి ముందు, నువ్వు చర్చికి వెళ్ళిన ఆదివారం నేనే కింద పడేశాను. నీతో చెప్పలేదు. నువ్వు సరిగ్గానే చూశావు."

అతను నన్ను అందుకోలేదు. గేటు ఊచ పట్టుకుని నిలబడ్డాడు.

"రెండేళ్ళయిందమ్మా స్టీరింగు ముట్టుకుని," అన్నాడు మెల్లగా. "ఇక్కడ వ్యాను తోలమన్నారు. కూర్చుంటే కాళ్ళు వణికినయ్. నా చెయ్యే మంచిది కాదనుకున్నా."

"నేనూ అదే అనుకున్నాను. నిన్ను అడిగినప్పుడు నన్ను నేను అడుక్కోలేదు. అది నా తప్పు."

ఒక లారీ వచ్చి హారను కొట్టింది. ఇస్సాకు వెళ్ళి గేటు తీసి, అది లోపలికి పోయాక మళ్ళీ మూసి వచ్చాడు. అప్పుడు చెయ్యి చాపాడు. ఆవిడ నన్ను ఆ చేతిలో పెట్టారు.

"ఇంకొకటి కొంటాను. దీన్ని పారేద్దాం," అన్నారావిడ.

"పారెయ్యటమెందుకమ్మా. ఎంత తప్పు చెప్తదో తెలిసింది కదా. ఎనిమిది కలుపుకుంటే సరిపోద్ది."

అప్పటికే బండి నడిచి వచ్చింది కనుక గంటసేపు నీడలో ఆపించాడు. టైర్లు చల్లబడేదాకా ఇద్దరూ గేటు పక్క బల్ల మీద కూర్చున్నారు. తర్వాత అతను మోకాళ్ళ మీద కూర్చుని చక్రం చక్రానికీ నన్ను ఆనిస్తూ పైకే లెక్క చెప్పాడు. "పద్నాలుగు, ఎనిమిది కలిపితే ఇరవై రెండు. సరిపోయింది. పద్దెనిమిది, ఎనిమిది, ఇరవై ఆరు." లేచి తాళంచెవి అడిగాడు. మిల్లు చుట్టూ ఒక్క చుట్టు తిప్పి తెచ్చాడు. కాళ్ళు వణికాయో లేదో నాకు తెలియదు. నేను అతని చొక్కా జేబులో ఉన్నాను, అక్కడ గుండె చప్పుడొక్కటే వినబడుతుంది.

పాత ఉద్యోగానికి రమ్మంటే రానన్నాడు. మిల్లులో పనిచేసే ఆడవాళ్ళను తీసుకొచ్చే వ్యాను తోలడానికి ఒప్పుకున్నాడు. "మంగళవారాలు సెలవు పెట్టుకుని వస్తానమ్మా," అన్నాడు. ఆ తర్వాత పదకొండేళ్ళు, ఆవిడ ఆ ఊళ్ళకు వెళ్ళడం మానేసేదాకా వచ్చాడు. మర్చిపోకుండా ఉండాలని ఆవిడ నా వెనక గాయానికి వేసే పట్టీ ముక్క అంటించి, తన చేత్తో '8 కలపాలి' అని రాశారు.

ఇప్పుడు ఆవిడ లేరు. ఇస్సాకు బండి తోలడం మానేశాడు, కళ్ళు మసకబారాయి. ఇప్పటి బండ్లు ఏ చక్రంలో ఎంత గాలుందో తామే అద్దం మీద చూపిస్తాయట. నేను అతని ఇంట్లో గూట్లో, కళ్ళజోడు పక్కన ఉంటాను. పక్కింటి పంతులమ్మ కొత్త కారు కొన్నప్పుడు మాత్రం నన్ను తీసుకుని వెళ్ళాడు. తలుపు తెరిపించి, అంచు మీది చీటీలో అంకె చదివించుకుని, "టైరు మీద రాసింది చూడబాకమ్మా, అది టైరు తట్టుకునే ఆఖరి హద్దు. నీ బండికి కావాల్సింది ఇక్కడ రాసుంటది," అని చెప్పాడు. ఆమె నా వెనక పట్టీ చదివి, పాడైపోయిన మీటరుతో ఎలా చూస్తావని అడిగింది. అతను నవ్వి చక్రం పక్కన కూర్చున్నాడు.

నేనిప్పటికీ ఎనిమిది తక్కువే చెబుతాను. వినే మనిషికి ఆ సంగతి తెలుసు.